గడచిన గడువు: డచ్చి కంపెనీలలో వాటాదారుల తగాదాలు

వర్తకునకు గడువు అను మాట క్రొత్తది కాదు. నోటు వ్రాయించుకొన్న నాటినుండి మూడేండ్లు నిండకముందే దానిపై చెల్లు వేయించుటయో, తిరుగ వ్రాయించుటయో చేయవలెనని ప్రతి దుకాణములోని గుమాస్తాకును తెలియును. ఆ పని మరచినచో బాకీ నిజమే యైనను, బాకీదారు ఎదుటనే యున్నను, నోటుకు కాలదోషము పట్టును. అట్టి జాగ్రత్తగల వర్తకుడే ఒక కంపెనీలో వాటా కొనినప్పుడు మాత్రము, తన హక్కునకు కూడ గడువు కలదని తలపడు. వాటా పత్రము ఇనుప పెట్టెలో భద్రముగా నుండగా హక్కు ఎక్కడికి పోవునని అతని ధైర్యము.

ఈ ధైర్యము ఎంతవరకు నిలుచునో తెలిసికొనుటకు నెదర్లాండ్సు, అనగా మనవారు హాలెండు అని పిలుచు డచ్చివారి దేశము, మంచి పాఠశాల. వాటాల వ్యాపారము పెద్ద యెత్తున పుట్టినది అచ్చటనే. వాటాదారుల తగాదాలు పుట్టినదియు అచ్చటనే. ఏ హక్కునకు ఎంత గడువో, ఏ గడువును ఒక లేఖతో నిలుపవచ్చునో, దేనిని నిలుపలేమో అచ్చటి చట్టము విడదీసి చెప్పుచున్నది. పరదేశపు కంపెనీలో వాటా గలవారికే గాక, అన్నదమ్ములతో కలిసి కంపెనీ నడుపు ప్రతివారికి ఇది ఉపయోగపడు విషయము.

మొదటి వాటాదారుల మొదటి ఫిర్యాదు

డచ్చి ఈస్టిండియా కంపెనీకి 1602 మార్చి 20వ తేదీన ప్రభుత్వ సన్నదు దొరకెను. ఆరు పట్టణముల శాఖలలో సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనము చేరెను. పెద్ద వర్తకులే గాక ఇండ్లలో పనిచేయువారు సైతము వాటాలు వ్రాయించుకొనిరి. ఆ ధనముతో బయలుదేరిన ఓడలే 1605లో మచిలీబందరునకు వచ్చినవి. తరువాత పాలకొల్లు, భీమునిపట్టణములందు కూడ డచ్చివారు కోఠీలు పెట్టిరి. తెలుగు నేతగాండ్రు నేసిన బట్టలు ఓడలకెక్కి తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యములకు మారకమయ్యెను. ఆ లాభనష్టముల లెక్క ఆమ్‌స్టర్‌డాములోని వాటాదారునకు చేరవలసి యుండెను.

పదేండ్లకు ఒక మారు లెక్క తేల్చవలెననియు, అప్పుడు కోరినవారు తమ సొమ్ము వెనుకకు తీసికొనవచ్చుననియు సన్నదులో నుండెను. 1612వ సంవత్సరము వచ్చెను. డైరెక్టర్లు లెక్క తేల్చలేదు. ప్రభుత్వము వారికి మినహాయింపు నిచ్చెను. అంతకుముందే, 1609లో, ఐజాక్ లె మెయిర్ అను పెద్ద వాటాదారుడు డైరెక్టర్ల నడవడిపై ప్రభుత్వ పెద్దకు ఫిర్యాదు వ్రాసి యుండెను. 1622లో వాటాదారులు కరపత్రములు అచ్చువేసి, లెక్కలు చూపుమని గట్టిగా అడిగిరి. 1623లో సన్నదు పొడిగించునప్పుడు పెద్ద వాటాదారులకు కొంత పర్యవేక్షణ హక్కు లభించెను. కాని 1612 నాటి గడువు గడచియే పోయెను.

గడువు వ్రాసి యుండుట ఒకటి, దానిని అమలు జరిపించు ఉపాయము చేత నుండుట మరియొకటి. ఆనాటి వాటాదారునకు గడువు ఉండెను గాని ఉపాయము లేకుండెను. ఈనాటి డచ్చి వాటాదారునకు ఉపాయములు అనేకము గలవు. అవి వాడుకొనుటకే గడువులు ఏర్పడినవి.

రెండు తీరుల గడువులు

నెదర్లాండ్సులో నేటి సివిలు స్మృతిలోని ముఖ్యభాగములు 1992 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చినవి. అంతకుముందు సాధారణ కాలపరిమితి 30 ఏండ్లు. క్రొత్త చట్టము దానిని 20 ఏండ్లకు తగ్గించి, వ్యాపారములో తరచుగా వచ్చు దావాలలో చాలవాటికి 5 ఏండ్లు చాలునని నిర్ణయించెను.

పాఠకులు మొదట తెలిసికొనవలసినది ఈ గడువులలో రెండు తీరులు గలవని. మొదటి తీరును డచ్చి భాషలో వెర్యారింగ్ అందురు. ఇది మన కాలదోషము వంటిది. దీనిని నడుమ ఆపి, మొదటినుండి తిరుగ లెక్కింపజేయవచ్చును. ప్రతివాది తానుగా ఈ అభ్యంతరము తెచ్చిననే గాని న్యాయాధిపతి దానిని ఎత్తుకొనరాదు. రెండవ తీరును వెర్‌వాల్ అందురు. ఇది దావా వేయు హక్కునే తుడిచివేయును. ఎన్ని లేఖలు వ్రాసినను ఇది ఆగదు. ప్రతివాది నోరు మెదపకున్నను న్యాయాధిపతి దీనిని స్వయముగా గమనింపవలసి యుండును.

ఈ రెండింటిని ఒకటిగా భావించుటయే అన్ని చిక్కులకు మూలము. ఇది తేటపడుటకు ఊహించిన ఉదాహరణ నొకటి తీసికొందము. రోటర్‌డాము రేవులో సుగంధ ద్రవ్యములు దిగుమతి చేయు ప్రైవేటు కంపెనీ యొకటి. అన్నదమ్ములు ముగ్గురు స్థాపించిరి. పెద్దవారిద్దరికి చెరి 40 శాతము వాటా, ఇద్దరును డైరెక్టర్లు. చిన్నవాడు చనిపోగా అతని 20 శాతము వాటా కుమారునకు వచ్చెను. ఈ కుమారుడు కంపెనీ పనిలో లేడు. పెదతండ్రులయందు గౌరవము గలవాడు. వారి మీద కోర్టుకు పోవుట అనుమాట అతనికి వినుటకే కష్టము.

ఒక సంవత్సరపు గడువు

2021 మార్చి 15వ తేదీన ఆ కంపెనీ వాటాదారుల సమావేశము జరిగెను. డైరెక్టర్ల జీతములు రెట్టింపు చేయుటకును, ఆ సంవత్సరము డివిడెండు పంచకుండుటకును తీర్మానించిరి. ప్రైవేటు కంపెనీలో నోటీసు సమావేశమునకు కనీసము ఎనిమిది రోజుల ముందుగా ఇయ్యవలెనని చట్టము. ఇచ్చట నాలుగు రోజుల ముందు మాత్రమే ఇచ్చిరి. కుమారుడు ఊరలేడు. మే 10వ తేదీన తీర్మానముల నకలు అతని చేతికి వచ్చెను.

ఇట్టి తీర్మానమును కోర్టు రద్దు చేయగలదు. తీర్మానము చేయు పద్ధతిని గూర్చిన చట్టమునకుగాని, కంపెనీ నిబంధనావళికిగాని విరుద్ధమైనచో ఒక కారణము. కంపెనీకి సంబంధించిన వారందరు ఒకరియెడ నొకరు న్యాయముగా, సముచితముగా నడచుకొనవలెనను నియమమునకు విరుద్ధమైనచో మరియొక కారణము. ఈ రెండవ కారణము చిన్న వాటాదారునకు పెట్టని కోట. అధిక సంఖ్య గలవారు ఓటు బలముతో ఏదియైన చేయవచ్చునను వాదము అచ్చట చెల్లదు.

ఐనను ఈ రద్దు కోరుటకు గడువు ఒక్క సంవత్సరము. తీర్మానమునకు తగినంత ప్రచారము జరిగిన దినముగాని, సంబంధిత వ్యక్తికి అది తెలిసిన దినముగాని ముగిసిన తరువాత ఒక సంవత్సరమునకు హక్కు పోవును. మన ఉదాహరణలో 2022 మే 10తో సరి. ఇది రెండవ తీరు గడువు. కుమారుడు ఆ యేడాది పొడవున పెదతండ్రులకు మర్యాదగా ఆరు లేఖలు వ్రాసినను, వారు ‘చూతము, కూర్చుండి మాట్లాడుకొందము’ అని ఆరు జవాబు లిచ్చినను, గడువు ఒక్క దినమైనను పెరుగదు. కంపెనీపై దావా వేసి యుండవలెను, అంతే.

నిజమునకు సంధి మాటలతోనే ఈ గడువు తరచు గడచిపోవును. ఎదుటివారు మోసము చేయనక్కరలేదు. మంచిమాటలు చెప్పుచు కాలము గడపిన చాలును. కావున తెలిసినవారు దావాను గడువులో వేసి, పిమ్మట ఉభయుల సమ్మతితో దానిని ఆపియుంచి సంధి మాటలాడుదురు. దావా వేయుట సంధికి విరోధము కాదు. సంధి కుదురువరకు హక్కును బ్రతికించుకొనుట.

కొన్ని తీర్మానములు రద్దు చేయ నక్కరలేకయే చెల్లనివి. తీర్మానములోని విషయమే చట్టమునకు విరుద్ధమైనచో అది పుట్టుకతోనే శూన్యము; దానికి ఈ ఒక సంవత్సరపు గడువు వర్తింపదు. ఐతే ఏది రద్దు చేయదగినది, ఏది శూన్యము అను విషయములో న్యాయవాదులకే అభిప్రాయ భేదము వచ్చును. అది శూన్యమే యని నమ్మి సంవత్సరము ఊరకుండుట సాహసము.

ఐదేండ్ల గడువు, ఒక లేఖ

ప్రకటించిన డివిడెండును చెల్లింపనిచో సంగతి వేరు. డివిడెండు, వడ్డీ, అద్దె మొదలగు వాటికి గడువు 5 ఏండ్లు. ఇది మొదటి తీరు గడువు. ఉదాహరణకు డివిడెండు 2018 జూలై 1న చెల్లింపవలసి యున్నచో మరునాటినుండి లెక్క మొదలై 2023 జూలై 1తో ముగియును.

కాని కుమారుడు 2023 జూన్ 20న కంపెనీకి ఒక లేఖ వ్రాసెననుకొందము. అది వ్రాతపూర్వకముగా నుండి, తన హక్కును వదలుకొనలేదనియు, సొమ్ము రాబట్టుకొను హక్కును నిలుపుకొనుచున్నాననియు సందేహమునకు తావులేకుండ చెప్పినచో, పాత గడువు అచ్చటితో తెగిపోవును. మరునాటినుండి క్రొత్త 5 ఏండ్లు మొదలై 2028 జూన్ 20 వరకు నడచును. అవసరమైనచో మరల వ్రాయవచ్చును. దావా వేసినను, బాకీదారు తానే బాకీని ఒప్పుకొన్నను ఇట్టి ఫలమే కలుగును.

ఈ లేఖ విషయములో మూడు జాగ్రత్తలు. మొదటిది, భాష. ‘మన లెక్క సంగతి ఒకసారి చూడగలరు’ అను మెత్తని మాట చాలదు. రెండవది, చేరిక. లేఖ ఎదుటివారికి చేరినదని ఋజువు చేయవలసిన భారము వ్రాసినవానిదే. కావున రిజిస్టరు తపాలా మేలు. మూడవది, పరిధి. సొమ్ము చెల్లించుట, ఒప్పందము నెరవేర్చుట వంటి హక్కులకే ఒంటి లేఖ పనిచేయును. ఒప్పందము రద్దు కోరుట వంటి వాటిలో లేఖ తరువాత ఆరు నెలలలో దావా కూడ వేయవలెను.

నష్టపరిహారపు దావాకు కూడ 5 ఏండ్లే. ఐతే అది నష్టము సంగతియు, దానికి బాధ్యులెవరను సంగతియు రెండును తెలిసిన మరునాటినుండి లెక్క. తెలిసినను తెలియకున్నను సంఘటన జరిగిన 20 ఏండ్లకు ముగియును. ‘తెలియుట’ అనగా ఉత్త అనుమానము కాదు. దావా వేయుటకు నిజముగా వీలుపడునంత తెలివిడి యని, హోగె రాడ్ అను అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము 2003 అక్టోబరు 31 నాటి తీర్పులో చెప్పెను. ఐనను చట్టము తెలియలేదను సాకు పనికిరాదు. సంగతులు తెలిసిన చాలును. వాటికి చట్టములో ఏమి ఫలమో తెలియకున్నను గడియారము నడచును.

నష్టము ఎవరిది?

ఇచ్చట వాటాదారులు పొరబడు ఇంకొక చోటు గలదు. పెద్దవారిద్దరు కంపెనీ సరుకును తమ సొంత కొట్టునకు తక్కువ ధరకు అమ్ముకొనిరనుకొందము. కంపెనీ లాభము తగ్గెను. దానితో కుమారుని 20 శాతము వాటా విలువయు తగ్గెను. అతడు తనకు కలిగిన నష్టమునకై స్వయముగా దావా వేయవచ్చునా?

సాధారణముగా వీలులేదు. 1994 డిసెంబరు 2వ తేదీన హోగె రాడ్ ఇచ్చిన తీర్పు ఈ విషయమున మూలస్తంభము. పూట్ అను గృహనిర్మాణ వ్యాపారి తన కంపెనీలు దివాలా తీయగా, వాటితో వ్యవహరించిన ఎ.బి.పి. అను పింఛను నిధి వలన తన వాటాల విలువ పోయినదని స్వంతముగా పరిహారము కోరెను. నష్టము కంపెనీది, పరిహారము కోరవలసినదియు కంపెనీయే యని కోర్టు చెప్పెను. వాటాదారునియెడ ప్రత్యేకముగా పాటింపవలసిన బాధ్యతను ఎదుటివారు అతిక్రమించినచో మాత్రమే అతడు తన పేర దావా వేయగలడు. దీనిలో న్యాయము లేకపోలేదు. కంపెనీకి సొమ్ము తిరిగి వచ్చినచో అందరి వాటాల విలువయు మరల పెరుగును; అప్పులవారికి ముందు చెల్లును. ఒక వాటాదారుడు తన పాలు ముందుగా తీసికొనిపోయినచో ఆ క్రమము చెడును.

దీనినుండి గడువు విషయములో ఒక ముఖ్య ఫలితము కలుగుచున్నది. గడువును ఆపు లేఖ ఋణదాత వ్రాయవలెను. ఇచ్చట ఋణదాత కంపెనీ. కుమారుడు తన పేర ఎంత గట్టి లేఖ వ్రాసినను కంపెనీ హక్కు గడువు ఆగదు. కంపెనీ తరఫున వ్రాయవలసినవారు డైరెక్టర్లు. వారే తప్పు చేసినవారైనచో తమపై తాము లేఖ వ్రాసికొందురా?

డైరెక్టరు కుర్చీలో నున్నంత కాలము

చట్టము ఈ చిక్కును ముందే ఊహించినది. కంపెనీకిని దాని డైరెక్టరునకును నడుమ నున్న హక్కు గడువు, అతడు డైరెక్టరుగా నున్నంత కాలము ముగియదు. అతడు దిగిపోయిన ఆరు నెలల వరకు పొడిగింపు గలదు. గడియారము ఆగదు, ముగింపు మాత్రము వాయిదా పడును. తప్పు 2014లో జరిగి, కంపెనీకి అప్పుడే తెలిసి, 5 ఏండ్లు 2019లో నిండినవనుకొందము. డైరెక్టరు 2021 సెప్టెంబరు 30న తప్పుకొన్నచో 2022 మార్చి చివరివరకు దావా వేయవచ్చును. ఆ ఆరు నెలలు చాల విలువైనవి. క్రొత్త డైరెక్టర్లు సర్దుకొని, పాత లెక్కలు చూచి, తప్పు పట్టుకొనునప్పటికి అవి గడచిపోవుట సులభము. బాకీదారు తన బాకీని బుద్ధిపూర్వకముగా దాచిపెట్టినచో కూడ ఇట్టి పొడిగింపే గలదు.

డైరెక్టరుపై దావా గెలుచుటకు చిన్న పొరపాటు చాలదు. గట్టిగా నిందింపదగిన తప్పు ఉండవలెనని 1997 జనవరి 10 నాటి తీర్పులో హోగె రాడ్ చెప్పెను. అదే తీర్పులో మరియొక సంగతి గలదు. వాటాదారుల సమావేశములు సాధారణముగా ప్రతి సంవత్సరము లెక్కలు ఆమోదించి డైరెక్టర్లకు బాధ్యతనుండి విముక్తి నిచ్చుట ఆనవాయితీ. ఆ విముక్తి లెక్కలలో కనిపించిన విషయములకును, సమావేశమునకు తెలిపిన విషయములకును మాత్రమే వర్తించును. దాచిన దానికి విముక్తి లేదు. ఐనను చదువకుండ చేయి ఎత్తుట మంచిది కాదు. లెక్కలలో ఉన్నదానికి చేయి ఎత్తిన పిమ్మట అడుగుట కష్టము.

ఆమ్‌స్టర్‌డాములోని విచారణ

20 శాతము వాటాతో కుమారుడు డైరెక్టర్లను తొలగింపలేడు. కంపెనీ పేర దావా వేయింపలేడు. ఇక మార్గము లేదా? గలదు. ఆమ్‌స్టర్‌డాము అప్పీలు కోర్టులో ఓండర్‌నేమింగ్స్‌కామర్, అనగా వ్యాపార సంస్థల విభాగము, 1971నుండి పనిచేయుచున్నది. అందు ముగ్గురు న్యాయాధిపతులతోబాటు, న్యాయాధిపతులు కాని అనుభవజ్ఞులు ఇద్దరు కూర్చుందురు. కంపెనీ నడవడిపై విచారణ జరిపింపుమని వాటాదారులు ఈ విభాగమును కోరవచ్చును. మన ఉదాహరణలోని వంటి ప్రైవేటు కంపెనీలో 10 శాతము వాటా ఉన్న చాలును.

దీనికి ముందుగా అభ్యంతరములన్నియు వ్రాతమూలకముగా కంపెనీకి తెలిపి, విచారించి సరిదిద్దుకొనుటకు తగిన అవకాశము ఇయ్యవలెను. లేనిచో కోర్టు వినదు. కంపెనీ నడవడి సరిగా లేదని అనుమానించుటకు గట్టి కారణములు కనబడినచో కోర్టు విచారణాధికారిని నియమించును. విచారణ ఖర్చు కంపెనీయే భరింపవలెను. అవసరమైనచో వెంటనే డైరెక్టరును తాత్కాలికముగా ప్రక్కన బెట్టి, వేరొకరిని నియమింపవచ్చును. అట్లు నియమింపబడిన తాత్కాలిక డైరెక్టరు కంపెనీ తరఫున పాత డైరెక్టర్లకు లేఖ వ్రాయవచ్చును, దావా వేయవచ్చును. చిన్న వాటాదారుడు నేరుగా తీయలేని తలుపునకు ఇదియే తాళపుచెవి.

విచారణ కోరుటకు చట్టము ఇన్నేండ్లు అని గడువు పెట్టలేదు. ఓగెమ్ అను పెద్ద వ్యాపార సంస్థ 1982లో దివాలా తీసెను. ఐనను జరిగినదేమో బయటపెట్టుటయు, తప్పు ఎవరిదో తేల్చుటయు కూడ విచారణకు తగిన ప్రయోజనములేయని హోగె రాడ్ 1990 జనవరి 10న తీర్పు చెప్పెను. కాని విచారణ నివేదిక కోర్టులో దాఖలైన తరువాత, దుర్నిర్వహణ జరిగినదని తేల్చి తగిన చర్యలు తీసికొనుమని కోరుటకు రెండు నెలలే గడువు. ఏండ్లకొలది కష్టపడి తెచ్చుకొన్న నివేదిక ఆ రెండు నెలలు మరచినవారికి అచ్చు కాగితముగా మిగులును.

ఫోర్టిస్ నేర్పిన పాఠము

విచారణ నడచుచున్నది గదాయని పరిహారపు గడువును మరువరాదు. విచారణ కోరుట పరిహారము కోరుట కాదు. దుర్నిర్వహణ అని తేలినంత మాత్రమున ఫలానా డైరెక్టరు ఇంత సొమ్ము కట్టవలెనని తేలినట్లు కాదు; దానికి సివిలు కోర్టులో వేరుగా ఋజువు చేయవలెను.

ఫోర్టిస్ అను బెల్జియము, నెదర్లాండ్సుల బ్యాంకు సంస్థ 2008లో కూలిపోయెను. ఆ యేడు అక్టోబరు 3న డచ్చి ప్రభుత్వము తన దేశములోని భాగమును కొనివేసెను. 2007లో క్రొత్త వాటాలు అమ్మునప్పుడు నిజస్థితి చెప్పలేదని వాటాదారుల ఆరోపణ. ఆమ్‌స్టర్‌డాము విభాగము విచారణ జరిపించి, 2012 ఏప్రిల్ 5న దుర్నిర్వహణ జరిగినదని తేల్చెను. హోగె రాడ్ 2013 డిసెంబరు 6న దానిని నిలబెట్టెను. 2016లో రాజీ కుదిరి, సుమారు 130 కోట్ల యూరోలకు పెరిగిన ఆ రాజీని 2018 జూలై 13న ఆమ్‌స్టర్‌డాము అప్పీలు కోర్టు అందరికి వర్తించునట్లు ప్రకటించెను.

2007నుండి 2018 వరకు పదకొండేండ్లు. గడువు ఐదేండ్లు. తీర్పు వచ్చిన పిమ్మట చూచుకొందమని చేతులు కట్టుకొని కూర్చున్నవాని గడువు నడుమనే నిండగలదు. అందుచేతనే తెలిసిన వాటాదారులు విచారణ ఒకవైపు నడచుచుండగనే మరియొకవైపు హక్కు నిలుపుకొను లేఖలు పంపుదురు. వాటాదారుల సంఘము తన పరిధిలోని వారందరి పక్షమున వ్రాసిన లేఖకు కూడ గడువును ఆపు బలము ఉండగలదని హోగె రాడ్ 2014లో అంగీకరించెను. ఒంటరిగా లాయరును పెట్టుకొనలేని చిన్న వాటాదారునకు సంఘములో చేరుట ఇందుచేత లాభము.

వాటా విడిచి పోవు దారి

కలిసి యుండుట ఇక సాధ్యము కాదను స్థితిలో చట్టము మరి రెండు మార్గములు చూపుచున్నది. కంపెనీకి హాని చేయుచున్న వాటాదారుని, మూలధనములో కనీసము మూడవ వంతు గలవారు కోర్టు ద్వారా వెళ్లగొట్టి, అతని వాటాలు కొనవచ్చును. తోటివారి నడవడిచే నలిగిపోయిన వాటాదారుడు తన వాటాలు కొనుమని కోర్టు ద్వారా కోరవచ్చును. దీనికి శాతము ఇంత ఉండవలెనని లేదు. 1989నుండి ఉన్న ఈ మార్గము చాల నెమ్మదిగా నడచుచుండెడిది. 2025 జనవరి 1నుండి అమలులోనికి వచ్చిన సవరణతో ఈ తగాదాలు నేరుగా ఆమ్‌స్టర్‌డాము విభాగమునకే చేరుచున్నవి. మన ఉదాహరణలోని కుమారునకు చివరకు ఇదియే మర్యాదగల ముగింపు కావచ్చును. పెదతండ్రులను నేరస్థులుగా నిలబెట్టకుండ, తండ్రి వాటాకు న్యాయమైన ధర తీసికొని ప్రక్కకు తొలగవచ్చును.

మన చట్టముతో పోలిక

భారతదేశపు కాలపరిమితి చట్టము 1963 నాటిది. దాని క్రింద బాకీ దావాలకు సాధారణముగా మూడేండ్లు. వర్తకులు గమనింపవలసిన భేదములు రెండు. మన దేశములో ఋణదాత ఎన్ని నోటీసులు ఇచ్చినను గడువు పెరుగదు. గడువు లోపల బాకీదారు సంతకము చేసి బాకీని ఒప్పుకొనవలెను, లేదా కొంత చెల్లించి అది వ్రాతలో ఎక్కవలెను. హాలెండులో ఋణదాత వ్రాసిన లేఖయే చాలును. మన దేశములో ప్రతివాది అడుగకున్నను గడువు దాటిన దావాను కోర్టు కొట్టివేయవలెను. హాలెండులో మొదటి తీరు గడువు విషయమున ప్రతివాదియే అడుగవలెను. కావున ఒక దేశపు అలవాటును నమ్మి వేరొక దేశములో వ్యవహరించుట ప్రమాదము. అచ్చట లేఖతో పని జరిగినదని ఇచ్చట లేఖ వ్రాసి ఊరకుండువాడును, ఇచ్చట లేఖ పనికిరాదని అచ్చట వ్రాయనివాడును ఇరువురును నష్టపోవుదురు.

గుర్తుంచుకొనదగినవి

1. సమావేశపు తీర్మానము అన్యాయమని తోచినచో, అది తెలిసిన తేదీని వెంటనే వ్రాసిపెట్టుకొనవలెను. ఆ తేదీనుండి ఒక సంవత్సరము. లేఖలు చాలవు, దావాయే వేయవలెను.

2. రావలసిన డివిడెండునకు, స్వంత పరిహారమునకు ఐదేండ్లు. స్పష్టమైన లేఖతో మరల ఐదేండ్లు.

3. నష్టము కంపెనీదా, తనదా అని మొదటనే తేల్చుకొనవలెను. కంపెనీ హక్కును కంపెనీయే కాపాడవలెను.

4. డైరెక్టరు దిగిపోయిన నాటినుండి ఆరు నెలలు కన్ను వేసి యుంచవలెను.

5. విచారణకు ముందు అభ్యంతరముల లేఖ. నివేదిక తరువాత రెండు నెలలు. విచారణ నడచుచున్నను పరిహారపు గడువు నడచుచునే యుండును.

6. ప్రతి వ్యవహారమునకు దాని సంగతులు వేరు; చివరి మాట ఆ దేశపు న్యాయవాది నడిగి తెలిసికొనవలెను. ఐతే అతని యొద్దకు గడువు లోపల పోవు పని వాటాదారునిదే.

కుటుంబ కంపెనీలలో హక్కులు పోవుట చాలమారులు ద్వేషము చేత గాక మొగమాటము చేతనే జరుగుచుండును. పెద్దవారిని ఎట్లు అడుగుదునని చిన్నవాడు, అడిగినప్పుడు చూతమని పెద్దవారు కాలము గడపుదురు. చట్టమునకు మొగమాటము లేదు. అది దినములు మాత్రమే లెక్కించును. గడువు లోపల మర్యాదతో వ్రాసిన ఒక స్పష్టమైన లేఖ బంధుత్వమును చెరుపదు. గడువు దాటిన తరువాత మనస్సులో మిగిలిన కోపమే దానిని తరతరములు చెరుపును.